శ్రద్ధగా రాసిన చెత్త కవిత్వం

ముందుగా ఒక కవిత చదవండి.

ఓ చంద్రమా!
నీవు పైన ఉన్నావు, నేను కింద ఉన్నాను.
మన మధ్య దూరం
సగటున 3,84,400 కిలోమీటర్లు.
అయినను నా కన్నీటి బొట్టు
టప్పుమని నీ మీద పడినది.
చూసుకొనుము.

ఇది నేనే రాశాను. చెడ్డగా ఉండాలనే ఉద్దేశంతో, ఒక పూటంతా కూర్చుని, కొట్టివేసి, తిరిగి రాసి, ఎంతో ఓపికగా చెడగొట్టాను. మొదటి చిత్తుప్రతిలో మూడవ, నాలుగవ పాదాల స్థానంలో “మన మధ్య ఎంతో దూరం” అని మాత్రమే ఉండేది. అది చెడ్డగా లేదు, చప్పగా ఉంది. కచ్చితమైన అంకె వేసి, దానికి ముందు ‘సగటున’ అనే మాట చేర్చగానే కవితకు ప్రాణం వచ్చింది. విరహంతో కుమిలిపోతున్న మనిషి ఒక్క నిమిషం ఏడుపు ఆపి, ఖగోళశాస్త్ర గ్రంథం తీసి, చంద్రుడి కక్ష్య గుండ్రంగా ఉండదు కాబట్టి సగటు చెప్పడమే న్యాయమని నిర్ణయించుకుని, మళ్లీ ఏడుపు అందుకున్నాడని పాఠకుడికి తెలిసిపోతుంది. కన్నీరు పైకి పడడం తరువాత సంగతి. చివరి ‘చూసుకొనుము’ ఒక మిత్రుడి సలహా. ఆ ఒక్క మాటకు నేను ఆయనకు జీవితాంతం రుణపడి ఉంటాను.

నేనూ, నాలాగే కవిత్వం చదవడం అలవాటైన కొందరు మిత్రులూ చాలాకాలంగా ఇలాంటివి రాసి ఒకరికొకరం వినిపించుకుంటున్నాము. ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఎదుటివారి నుండి ఒకే ప్రశ్న వస్తుంది: చెడ్డ కవిత రాయడానికి కష్టపడడం దేనికి, ఊరకే రాస్తే వచ్చేది అదే కదా? కాదు. ఊరకే రాస్తే వచ్చేది నీరసమైన కవిత. వసంతం వచ్చింది, కోయిల కూసింది, నా మనసు పులకించింది అని రాసినది విని ఎవరూ నవ్వరు, ఎవరూ ఏడవరు, మర్యాదకు తల ఊపి కాలక్షేపం చేస్తారు. 1930లో డి. బి. విండమ్ లూయిస్, చార్లెస్ లీ అనే ఇద్దరు సంపాదకులు ఇంగ్లీషులో వచ్చిన చెడ్డ కవిత్వాన్నంతా గాలించి ఒక సంకలనం వేశారు. చెడ్డ కవిత్వంలో మంచి చెడ్డ కవిత్వం, చెడ్డ చెడ్డ కవిత్వం అని రెండు తరగతులున్నాయని వారు దాని పీఠికలోనే తేల్చిచెప్పారు. ఆ సంకలనంలోకి ఎక్కినవారిలో అనామకులే కాదు, వర్డ్స్‌వర్త్ వంటి మహాకవులు కూడా ఉన్నారు. సంకలనం పేరు సైతం ఆయన పద్యం నుండి తీసుకున్నదే.

వర్డ్స్‌వర్త్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకొక మాట. 1798లో అచ్చయిన ఆయన కవిత ఒకదానిలో కొండ మీద ఒక ముళ్లచెట్టు, దాని పక్కన చిన్న నీటిగుంట, అక్కడ కూర్చుని విలపించే ఒక అభాగ్యురాలు ఉంటారు. కథ చెప్పేవాడు ఆ గుంటను ఈ కొస నుండి ఆ కొస దాకా తానే కొలిచానని, అది మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్నదని నివేదిస్తాడు. విమర్శకులు ఎంతగా నవ్వారో ఏమో, తరువాతి కూర్పులలో కవి ఆ పాదాలను మార్చివేశాడు. నాకైతే మార్చకుండా ఉంచవలసిందనిపిస్తుంది. దుఃఖం పక్కన కొలబద్ద పెడితే ఏమవుతుందో అంతకన్నా స్పష్టంగా చూపిన పాదాలు నాకు మరెక్కడా కనిపించలేదు, నా చంద్రుడి దూరానికి మూలపురుషుడు కూడా ఆ గుంటే.

చెడ్డ కవిత్వానికి శాస్త్రం లేదనుకోవడం పొరపాటు. మన ఆలంకారికులు కావ్యదోషాలను ఎంత శ్రద్ధగా వర్గీకరించారంటే, ఆ అధ్యాయాలను తలకిందులుగా పట్టుకుని చదివితే అవే మాకు పాఠ్యగ్రంథాలు. దండి తన కావ్యాదర్శంలో పది దోషాలను చెప్పాడు: మొత్తానికి అర్థమే లేకపోవడం, ముందు చెప్పినదానికి వెనుక చెప్పినది విరుద్ధంగా ఉండడం, చెప్పినదే మళ్లీ చెప్పడం, సందేహం మిగల్చడం, వరుస తప్పడం, యతి తప్పడం, ఇలా సాగుతుంది ఆ జాబితా. వీటిలో మొదటిదైన అపార్థాన్ని, అంటే అర్థం లేకపోవడాన్ని గురించి చెబుతూ ఆయన ఒక వెసులుబాటు కూడా ఇచ్చాడు: పిచ్చివారు, తాగినవారు, పసిపిల్లలు మాట్లాడినప్పుడు అది దోషం కాదట. పదకొండవ శతాబ్దపు కాశ్మీర పండితుడు మమ్మటుడు ఇంకా ఉదారుడు. కావ్యప్రకాశంలోని ఏడవ ఉల్లాసం, అంటే ఏడవ అధ్యాయమంతా దోషాలకే కేటాయించి, పదదోషాలు, వాక్యదోషాలు, అర్థదోషాలు, రసదోషాలు అని విడదీసి, ఒక్కొక్కదానికి ఉదాహరణ చూపి, ఇంత చేసిన తరువాత ఒక చిన్న మాట అన్నాడు: అనుకరణలో ఏ దోషమూ దోషం కాదు. ఆ మాట చదివిన రోజున మా బృందానికి శాస్త్రసమ్మతమైన అనుమతిపత్రం దొరికినట్టయింది. ఎవరైనా అభ్యంతరం చెబితే మమ్మటుణ్ణి చూపిస్తాము.

మమ్మటుడు చెప్పిన వాక్యదోషాలలో మాకు అత్యంత ప్రీతిపాత్రమైనది పతత్ప్రకర్షం. ఎత్తుగా మొదలైన పద్యం పోను పోను దిగజారిపోవడం దాని లక్షణం. ఇంగ్లీషులో అలెగ్జాండర్ పోప్ 1728లో ఇంచుమించు ఇదే విషయం మీద ఒక వెటకారపు శాస్త్రగ్రంథం అచ్చువేశాడు. ఔన్నత్యాన్ని సాధించడం ఎలాగో లాంజైనస్ పేరిట ఒక ప్రాచీన గ్రీకు గ్రంథం ఉండగా, అధోగతిని సాధించడం ఎలాగో చెప్పే గ్రంథం లేదనే లోటును తాను తీరుస్తున్నానని ఆయన భావం. తన సమకాలీనుల పద్యాలనే ఉదాహరణలుగా వాడుకున్నాడు కాబట్టి అందులో నవ్వుతోపాటు కక్ష కూడా ఉంది. ఆ కక్ష నాకు రుచించదు, కానీ లక్షణం మాత్రం అక్షరాలా సరిగ్గా పట్టుకున్నాడు. కిందపడాలంటే ముందు పైకెక్కాలి, ఎంత పైకెక్కితే పడినప్పుడు అంత చప్పుడు. అందువల్ల చెడ్డ కవిత రాసేవాడు మొదటి రెండు మూడు పాదాలను నిజంగానే గంభీరంగా రాయగలిగి ఉండాలి. మా మిత్రులలో ఒకరు ప్రబంధ సంప్రదాయంలోని ఉపమానాలనన్నింటినీ వరుసగా పేర్చి ఈ మెట్లు ఎంత చక్కగా కట్టారో చూడండి:

నీ కన్నులు చేపలు, నీ జడ త్రాచుపాము,
నీ నడుము సింహానిది, నీ నడక ఏనుగుది,
నీ ముంగురులు తుమ్మెదలు, నీ పలుకు చిలుకది.
ప్రియతమా!
నిన్ను పెండ్లాడుటకు
అటవీశాఖ వారి అనుమతి కోరుచున్నాను.

మొదటి మూడు పాదాలలో కొత్తదేమీ లేదు. శతాబ్దాలుగా కవులు వాడినవే. ఒక్కొక్కటిగా వచ్చినప్పుడు మనకు అవి కనిపించను కూడా కనిపించవు. అన్నింటినీ ఒక్కచోట నిలబెట్టేసరికి ఆ అమ్మాయి స్థానంలో జంతుప్రదర్శనశాల లేచింది. ఇందులో నన్ను ఆకట్టుకునేది ప్రేమికుడి నిజాయితీ. అతడు పారిపోలేదు, నిబంధనల ప్రకారం దరఖాస్తు పెట్టుకున్నాడు.

తెలుగులో చెడ్డ కవిత రాయదలచినవారికి భాష చేసే సహాయం ఒకటుంది, అడ్డంకి ఒకటుంది. మన క్రియాపదాలు ఎక్కువగా ఒకే రకంగా ముగుస్తాయి కాబట్టి అంత్యప్రాస కష్టపడకుండానే పడిపోతుంది. వచ్చెను, మెచ్చెను, ఇచ్చెను అంటూ తెల్లవార్లూ రాసుకుంటూ పోవచ్చు. ఇంగ్లీషు కవి అంత్యప్రాస కోసం చిక్కులో పడి, ఆ చిక్కులోనుండి బయటపడడానికి అర్థాన్ని బలి ఇచ్చినప్పుడు పుట్టే హాస్యం మనకు ఆ దారిలో దొరకదు. మనకు దొరికేది పద్యంలో. యతి, ప్రాస, గణాలు అనే మూడు కాపలాదారులను దాటించడానికి కవి పడే యాతన, ఆ యాతనలో ఖాళీలు పూడ్చడానికి దూర్చే గదా, సుమీ, తాను, మరి, ఒప్పుగ వంటి మాటలు, పాదం చివర నరికినట్టు తెగిపోయే వాక్యం, ఇవన్నీ మన పద్యం చెడ్డకవికి ఇచ్చిన వరాలు. పైగా పద్యం ఛందస్సు తప్పితే హాస్యం చెడుతుంది. గణం తప్పిన పద్యం కేవలం తప్పు పద్యం, వినేవాడు తప్పును పట్టుకుని సంతోషిస్తాడే తప్ప నవ్వడు. ఛందస్సు నిర్దుష్టంగా ఉండి, యతిస్థానాలన్నీ కచ్చితంగా కుదిరి, లోపల మాత్రం శూన్యం ఉండాలి. నేను రాసిన ఈ ఆటవెలదిని గణవిభజన చేసి చూసుకోండి:

వాన కురిసెనేని వస్త్రమ్ము తడియును
తడిసెనేని పిదప దాని పిండ
వలయు పిండకున్న వదలదు తడి తాను
నిజము పలుకుచుంటి నేను వినుడు

మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండవ పాదంలో ఐదు సూర్యగణాలు. మూడవది మొదటిదానిలా, నాల్గవది రెండవదానిలా. ప్రతి పాదంలోనూ నాల్గవ గణం మొదటి అక్షరానికి యతి చెల్లింది. ఎక్కడా దోషం లేదు, ఎక్కడా కవిత్వం కూడా లేదు. రెండవ పాదం చివర ‘పిండ’ అన్న చోట ఊపిరి ఆగి, ఏమవుతుందోనన్న ఉత్కంఠ కలిగి, మూడవ పాదం మొదట ‘వలయు’ అని తేలేటప్పటికి కలిగే ఉపశమనాన్ని చదివేవారు గమనించాలని మనవి. తడి ‘తాను’ వదలదట. ఆ ‘తాను’ లేకపోతే ఇంద్రగణం నిండదు. ఇక మకుటప్రాయమైన చివరి పాదంలోని గాంభీర్యానికి కారణం, అంతటి మహాసత్యాన్ని నమ్మరేమోనని కవికి కలిగిన శంక.

ఇక్కడ ‘కవికి’ అన్నాను, ‘నాకు’ అనలేదు. ఈ సరదా అంతా ఆ తేడాలోనే ఉందని నా నమ్మకం. చెడ్డ కవిత రాయడమంటే నిజానికి ఒక చెడ్డ కవిని కల్పించడం. ఆ కవి తాను రాసినది గొప్పదని మనస్ఫూర్తిగా నమ్మాలి. తాను చెత్త రాస్తున్నానని కవితలోనుండి కన్నుగీటే కవిని పాఠకుడు భరించలేడు. హాస్యగాడు తన హాస్యానికి తానే ముందుగా నవ్వినట్టుంటుంది అది.

ఈ విషయంలో అందరికీ గురువు విలియం మెక్‌గొనగల్. స్కాట్లండులోని డండీ పట్టణంలో మగ్గం నేసే పని చేసిన ఈయనకు 1877లో, యాభై ఏళ్లు దాటిన తరువాత, తాను కవినని హఠాత్తుగా తోచింది. టే నది మీద అప్పుడు కడుతున్న రైలు వంతెనను పొగుడుతూ, దాని మీద ప్రయాణించేవారిని దేవుడు కాపాడుగాక అని కోరుతూ కవిత రాశాడు. 1879 డిసెంబర్ 28న తుఫానులో ఆ వంతెన కూలి రైలు నదిలో పడిపోయింది. మెక్‌గొనగల్ వెంటనే విలాపగీతం రాశాడు. ఆ గీతం చివరకు ఎక్కడ చేరుతుందంటే, వంతెనకు ఇరువైపులా ఆనుడు గోడలు కట్టి ఉంటే కూలేది కాదని, తెలివిగలవారు చాలామంది ఇదే అంటున్నారని ఒక ఇంజినీరింగు సలహాలోకి. తరువాత కొత్త వంతెన కట్టినప్పుడు దాని మీదా ఒక కవిత రాసి, అందులో ఇటుక స్తంభాలను, ఆనుడు గోడలను మెచ్చుకున్నాడు. 1878లో విక్టోరియా రాణికి తన కవితలు వినిపించాలని డండీ నుండి బాల్మోరల్ కోట దాకా వర్షంలో నడిచి వెళ్లి, ద్వారం దగ్గరనుండే వెనుదిరిగి వచ్చాడు. ఆయన సభలకు జనం వెళ్లింది గేలి చేయడానికి, చేతికందినవి విసరడానికి. ఆయన మాత్రం 1902లో మరణించే వరకూ తాను మహాకవినన్న విశ్వాసాన్ని సడలనివ్వలేదు. ఆ జనంలో నేను ఉండి ఉంటే బాగుండేదని నాకు ఎన్నడూ అనిపించలేదు. నిజాయితీగా రాసుకున్న మనిషిని ఎదురుగా నిలబెట్టి నవ్వడం వేరు, లేని మనిషిని కల్పించి నవ్వుకోవడం వేరు, మేము రెండోదానికే కట్టుబడ్డాము. మా మధ్య ఒక నియమం కూడా ఉంది: ఎవరో నమ్మి రాసుకున్న కవితను తెచ్చి చదవకూడదు.

కల్పించిన చెడ్డకవికి తెలుగులో నిలువెత్తు ఉదాహరణ గిరీశం. 1909 నాటి కన్యాశుల్కంలో ఆయన వెంకటేశానికి వితంతువు మీద తాను రాసిన ఇంగ్లీషు పద్యం వినిపిస్తాడు. అందులో ఆమె తెల్లవారుజామున నాలుగింటికి లేస్తుంది, నేల మీది దుమ్మంతా ఊడుస్తుంది, ఊడ్చినదంతా తీసుకెళ్లి తలుపు వెనుక కుప్పపోస్తుంది. ఎందుకు కుప్పపోస్తుంది? ఇంగ్లీషులో నాలుగుకీ, నేలకీ, తలుపుకీ ప్రాస కుదిరింది కాబట్టి. ఇంగ్లీషు కవిత్వంలో కూడా మంచి చేయి తిరిగిన గురజాడ, ఇంత నిర్దుష్టమైన చెత్తను రాయడానికి ఎంత ముచ్చటపడి ఉంటాడో ఊహించుకుంటే నాకు ఇప్పటికీ నవ్వు వస్తుంది. ఆ పద్యాన్ని విడిగా తీసి చూస్తే సగం రుచి పోతుంది. దాని వెనుక నిలబడి, తన ప్రతిభకు తానే మురిసిపోతున్న గిరీశం కనిపించాలి. వితంతువుల మీద సానుభూతి ఒలకబోస్తూ ఆమె చేసే చాకిరీని ప్రాసల కోసం వాడుకునే ఆ మనిషి స్వభావం మొత్తం ఆ తలుపు వెనుక కుప్పలో ఉంది.

అందువల్ల మాలో ప్రతి ఒక్కరికీ ఒక కవి ఉన్నాడు. నా కవి కలం పేరు ‘కన్నీటి కెరటం’. ఆయనకు విజ్ఞానశాస్త్రం మీద మక్కువ ఎక్కువ, అవగాహన తక్కువ, దుఃఖం అపారం. పై ఆటవెలది కూడా ఆయనదే. అది ఆయన నీతికావ్యాల దశ. మరొక మిత్రురాలి కవి ‘నిప్పు’. ఈయన అభ్యుదయవాది, ఒక పాదంలో మూడు మాటలకు మించి రాయడం రాజీపడడమని ఆయన అభిప్రాయం. ఆయన ప్రసిద్ధ రచన ఇది:

నేను
ఒక
చెప్పు.
కుడి చెప్పు.

నా ఎడమ
ఎక్కడ?

సమాజమా!
సమాధానం
చెప్పు.

రాసినంత మాత్రాన పని పూర్తికాదు. చెడ్డ కవితకు శ్రోత కావాలి, మంచి కవిత కన్నా ఎక్కువగా కావాలి. మంచి కవితను ఒంటరిగా చదువుకుని ఆనందించవచ్చు. చెడ్డ కవితను ఒంటరిగా చదువుకుంటే కొద్దిసేపటికి అనుమానం మొదలవుతుంది, ఇది నేను కావాలని రాసినదేనా అని. వినిపించేటప్పుడు పాటించవలసినది ఒక్కటే, ముఖంలో నవ్వు రాకూడదు. లేచి నిలబడి, గొంతు సవరించుకుని, “ఈ కవిత రాసిన రాత్రి నేను నిద్రపోలేదు” వంటి ఉపోద్ఘాతం చెప్పి, చివరి పాదాన్ని రెండుసార్లు చదివి, రెండవసారి ఇంకా నెమ్మదిగా చదివి కూర్చోవాలి. ‘చెప్పు’ కవితను ఆ మిత్రురాలు మొదటిసారి వినిపించినప్పుడు ‘కుడి చెప్పు’ దగ్గర ఆగి, మా అందరి కళ్లలోకి ఒక్కొక్కరుగా చూసింది. కాగితం మీద ఆ నిశ్శబ్దం లేదు, అందుకే మీకు ఆ కవిత సగమే అందింది.

విన్న తరువాత శ్రోతల వంతు వస్తుంది, నా దృష్టిలో అసలు రసవత్తరమైన భాగం ఇదే. చప్పట్లు కొట్టి ఊరుకోవడం కాదు, ఒకరు లేచి కవితకు వ్యాఖ్యానం చెప్పాలి. కావ్యాలకు పాతకాలపు వ్యాఖ్యాతలు చేసినట్టే ప్రతి పదానికీ అర్థం, అన్వయం, అలంకారం, ధ్వని చూపించాలి. ‘చెప్పు’ కవితకు వచ్చిన వ్యాఖ్యానం ప్రకారం కుడి చెప్పు వ్యవస్థకు ప్రతీక, ఎడమ చెప్పు వామపక్షానికి ప్రతీక, అది కనిపించకపోవడం చారిత్రక విషాదం, కవి కుడి చెప్పు పక్షాన మాట్లాడడం ఆయనలోని అంతర్మథనం. నా చంద్రుడి కవితకు మరొకాయన, కన్నీరు పైకి పడడంలో అతిశయోక్తి లేదని, కవి తలకిందులుగా వేలాడుతూ రోదిస్తున్నాడని గ్రహించాలని, ‘నేను కింద ఉన్నాను’ అన్న మాటను కవి వినయం కింద తీసుకోవాలని సోదాహరణంగా నిరూపించాడు. ఇటువంటి వ్యాఖ్యానాలు విన్నప్పుడల్లా నాకు ఒక అసౌకర్యమైన ఆలోచన వస్తుంది. ఇదే సామగ్రితో, ఇదే స్వరంతో రాసిన పీఠికలను నేను ఎన్ని నిజమైన కవితాసంపుటాల ముందు చదవలేదు? పేర్లు అనవసరం.

ఇందులో ఎదురయ్యే ప్రమాదం మాత్రం ఒకటుంది: అప్పుడప్పుడూ మంచి కవిత వచ్చేస్తుంది. ఆస్ట్రేలియాలో 1943లో జేమ్స్ మెకాలీ, హెరాల్డ్ స్టివర్ట్ అనే ఇద్దరు కవులు, అధునాతన కవిత్వం పేరిట చలామణీ అవుతున్నదంతా అర్థంలేని వ్యవహారమని నిరూపించడానికి ఒకే మధ్యాహ్నం కూర్చుని ఒక సంపుటికి సరిపడా కవితలు కట్టారు. చేతికందిన నిఘంటువు, ఉల్లేఖనాల పుస్తకం తెరిచి కళ్లకు కనిపించిన మాటలు తీసుకున్నారు. ఒక కవిత మొదటి పాదాలను దోమల ఉత్పత్తి స్థానాలలో నీటిని తొలగించడం గురించిన ఒక అమెరికా నివేదిక నుండి యథాతథంగా ఎత్తి రాశారు. అంతటితో ఆగలేదు, ఒక కవిని కూడా పుట్టించారు. పేరు ఎర్న్ మాలీ, చిన్నప్పుడే చదువు మానేసి మెకానిక్కుగా, భీమా ఏజెంటుగా పనిచేసి, పాతికేళ్లకే మరణించినవాడు. అతడి కాగితాలలో ఈ కవితలు దొరికాయని సోదరి ఎథెల్ రాసినట్టు ఉత్తరం సృష్టించి యువ సంపాదకుడు మాక్స్ హారిస్‌కు పంపారు. ఆయన పరవశించిపోయి 1944లో తన పత్రికలో ప్రత్యేక సంచిక వేశాడు. గుట్టు బయటపడింది, లోకం నవ్వింది, ఆ పైన కవితలలో అసభ్యత ఉందని పోలీసులు కేసు పెట్టగా న్యాయస్థానం హారిస్‌కు ఐదు పౌండ్ల జరిమానా వేసింది. అయితే కథ అక్కడ ముగియలేదు. ఎర్న్ మాలీ కవితలను ఇష్టపడి చదివేవారు, అవి నిజంగా మంచివేనని వాదించేవారు ఈనాటికీ ఉన్నారు. ఆ ఇద్దరు సొంత పేర్లతో శ్రద్ధగా రాసిన కవితల కంటే, లేని మనిషి పేరుతో హడావుడిగా కట్టిన ఈ కవితలకే ఎక్కువ పేరు రావడం చూస్తే, ఎవరు ఎవరిని ఏమార్చారో తేల్చి చెప్పడం నాకు చేతకాదు.

మాకూ ఇది జరిగింది, చాలా చిన్న ఎత్తున. ఒక మిత్రుడు నిరర్థకమైన సంఘటన మీద నిరర్థకమైన కవిత రాయాలని కూర్చుని ఇది తెచ్చాడు:

తలుపు చప్పుడైంది.
వెళ్లి చూశాను.
గాలి వచ్చి వెళ్లింది,
చెప్పులు విప్పకుండా.

చదివిన తరువాత ఎవరమూ నవ్వలేదు. కొద్దిసేపటికి ఒకరు, “ఇది బాగుంది” అన్నారు. మా సమావేశాలలో అంతకు మించిన అవమానం లేదు. రాసినాయన మొహం చిన్నబుచ్చుకుని, చివరి పాదం తీసివేస్తే చెడిపోతుందేమో చూడమని బతిమాలాడు. తీసి చూశాము, కొంచెం చెడింది కానీ సరిపడినంత చెడలేదు. చివరకు ‘గాలి’ స్థానంలో ‘వాయుదేవుడు’ అని మార్చి, ‘చెప్పులు’ తరువాత ‘(తోలువి)’ అని చేర్చిన మీదట దానిని చెడ్డ కవితగా అంగీకరించాము. అసలు కవితను ఆయన ఎక్కడైనా దాచుకున్నాడో లేదో నాకు తెలియదు. దాచుకుని ఉంటే మంచిది, మా దగ్గర మాత్రం దానికి చోటు లేదు.

పేరడీకీ దీనికీ ఉన్న తేడాను కొందరు అడుగుతారు. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి ఒక కవిని పేరడీ చేసినప్పుడు మూలకవి నడక, పదాలు, విసురు అన్నీ అందులో వినిపిస్తాయి, మూలం తెలియనివాడికి నవ్వు రాదు. మేము చేసేది అంత ఉన్నతమైన విద్య కాదు. మా కవులకు మూలం లేదు. వారి శైలి ప్రత్యేకంగా ఎవరిదీ కాదు, అందరు కవులలోనూ అలసిపోయిన క్షణాన పలికే గొంతు ఒకటుంటుంది, ‘కన్నీటి కెరటం’ గారు ఆ గొంతుతో జీవితాంతం మాట్లాడతారు.

నా గొంతులోనూ ఆయన ఉన్నాడు. అప్పుడప్పుడు నేను గంభీరంగానే ఏదైనా రాద్దామని కూర్చుంటాను. మూడవ పాదంలోనో నాల్గవ పాదంలోనో ‘అనంతమైన’ అనే విశేషణం వచ్చి వాలుతుంది, దాని వెనుకే ‘నిశీథి’, ఆ వెనుక ‘మౌనవేదన’. ఇంతకు ముందైతే అవి ఎక్కడనుండి వస్తున్నాయో తెలిసేది కాదు, వాటిని ప్రేరణ అనుకునేవాణ్ణి. ఇప్పుడు వాటి యజమాని నాకు స్వయంగా పరిచయం కాబట్టి జాగ్రత్తగా ఏరి ఆయనకు అప్పగిస్తున్నాను. ఆయన వద్ద అవి వృథాపోవు. కవితలు సంపుటికి సరిపడా పోగయ్యాయి, శీర్షిక కూడా ఆయనే నిర్ణయించారు: “అనంత రోదసిలో నా అంతరంగ తరంగ మృదంగం (మొదటి భాగం)”. పీఠిక రాయడానికి ‘నిప్పు’ గారు ఒప్పుకున్నారు, అయితే పాదానికి మూడు మాటలకు మించి రాయనని షరతు పెట్టారు.